పరుగెత్తిన నాడి

విరూపాక్షి వచ్చి అయ్యవారి ముందు కూర్చున్నాడు. పైపంచె కొస వేలికి చుట్టుకుంటాడు, విప్పుతాడు, మళ్ళీ చుట్టుకుంటాడు. నేను పక్కనే కల్వంలో పిప్పళ్ళు నూరుతున్నాను. అతను ఏం అడగబోతున్నాడో నాకు తెలుసు. తెలుసు కాబట్టే పిప్పళ్ళు ఆ రోజు ఉండాల్సిన దానికంటే మెత్తగా నలిగిపోయాయి.

"సుంకమ్మను చేసుకుంటానయ్యవారూ" అన్నాడు ఆఖరికి. "వాళ్ళమ్మతో మీరొక మాట చెప్పాల."

అయ్యవారు తిప్పతీగ ముక్కలు కోస్తున్నారు. తల ఎత్తలేదు.

"సుంకమ్మ ఏమనింది?"

"ఆమెను అడగాల్సిన పనేముందయ్యవారూ? మూడు నెలలుగా ఆమె నాడి చూస్తాన్నా. నేను చెయ్యి పట్టుకుంటే చాలు, నాడి పరిగెత్తుతుంది. నన్ను చూసి నవ్వుతుంది కూడా. నోరు అబద్ధం చెప్పొచ్చు గాని నాడి చెప్పదని మీరే కదా నేర్పినారు?"

వినండి ఆ మాట! అడగాల్సిన పనేముందట.

ఎవరెవరో చెప్పకుండా నేను కోప్పడుతూ పోతే మీకేం అర్థం కాదు. అయ్యవారంటే శరభయ్య గారు. మాది పత్తి మిల్లుల ఊరు. ఊరి చివర చిన్న మఠం ఉంది, ఆ మఠం ముందు సావిట్లోనే వైద్యశాల. అయ్యవారు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ జనం పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చుంటారు. నాడి పట్టి చూసి మందు ఇవ్వడం అక్కడి పద్ధతి.

అప్పట్లో శిష్యులం ఇద్దరమే. విరూపాక్షి వచ్చి ఆరేళ్ళు, నేను వచ్చి నాలుగేళ్ళు. నా పేరు నీలమ్మ. ఐదేళ్ళు నిండకుండా రోగి నాడి ముట్టకూడదని మఠం కట్టడి. అందుకని నా పని నూరడం, వడగట్టడం, కట్టెలు ఎగదోయడం. కొత్తగా వచ్చినవాళ్ళను అయ్యవారు చూసేవారు. మందు నడుస్తున్న పాతవాళ్ళను విరూపాక్షి చూసేవాడు.

చెడ్డవాడా అంటే కాదు. అదే నాకు ఇంకా ఒళ్ళుమంట. చెడ్డవాడైతే ఒక దెబ్బ వేసి వదిలేయొచ్చు. మంచి పనివాడు. అతను తిప్పిన లేహ్యం ఆరు నెలలైనా బూజు పట్టేది కాదు. ముసలివాళ్ళను ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఊరంతా విరూపాక్షి, విరూపాక్షి అని పలవరించేది. తాను మంచివాణ్ణని అతనికీ గట్టి నమ్మకం.

ఆ వచ్చే పున్నమికి అతనికి పెట్టె ఇవ్వాలి. పెట్టె అంటే మందులు సర్దిన టేకు పెట్టె. శిష్యుడు తయారయ్యాడనుకున్నప్పుడు అయ్యవారు దాన్ని రోగులందరి ముందు అతని చేతిలో పెడతారు. అప్పుడే ఇంకో ఊళ్ళో సొంతంగా కూర్చుని మందు ఇవ్వగలడు. పెట్టె లేనివాడి దగ్గరికి మా వైపు కుక్క కూడా రాదు.

ఇక సుంకమ్మ. పత్తి మిల్లులో పని. ఇరవై మూడేళ్ళకే మొగుడు పోయాడు. తనూ, వాళ్ళమ్మా. మిల్లు దుమ్ముకి ఉబ్బసం పట్టుకుంది. దగ్గు తెరలు మొదలైతే మనిషి వంగిపోయి నేలకి తల ఆనించేది. దగ్గుతున్నవాళ్ళని మేస్త్రీ లోపలికి రానివ్వడు. పట్నం ఆసుపత్రి మందు ఒంటికి పడలేదు. అయ్యవారి అడ్డసరం లేహ్యంతో ఊపిరి ఆడింది. ఆ లేహ్యం పదిహేను రోజులు ఆగితే సుంకమ్మకి పని లేదు, పని లేకపోతే ఇద్దరికీ కూడు లేదు. అంత మాత్రం నాకూ తెలుసు, విరూపాక్షికీ తెలుసు.

అంతా ఒక పుస్తకంతో మొదలైందని నేనంటాను.

మా దగ్గర కషాయం కాగడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. ఎనిమిది పాళ్ళ నీళ్ళు ఒక పాలుకి ఇగరాలి. అంతదాకా జనం ఊరికే కూర్చోవాలి కదా, విరూపాక్షి వాళ్ళకి నవల చదివి వినిపించేవాడు. మఠం బీరువాలో ఒక పాత నవల ఉండేది. అట్ట పోయింది, మొదటి కాగితాలూ పోయాయి, పేరేమిటో ఎవరికీ తెలియదు. మా అమ్మ చిన్నప్పుడే అది పాతదట.

కథేమిటంటే ఒక జమీందారు ఇంట్లో తల్లీ తండ్రీ లేని పిల్ల. విడవని జ్వరం. పట్నం నుంచి చదువుకున్న డాక్టరు వస్తాడు. రోజూ వస్తాడు. దాసీలను బయటికి పంపేస్తాడు. ఆమెకి వచ్చిన ఉత్తరాలు ముందు తానే చదువుతాడు, మనసు కలత పడకూడదని. ఎవరినీ చూడనివ్వడు. జ్వరం తగ్గుతుంది, పెళ్ళవుతుంది, వెన్నెల కాస్తుంది, కథ అయిపోతుంది. ఆ పెళ్ళి పేజీ దగ్గర విరూపాక్షి గొంతు తగ్గించి చదివేవాడు. సావిడంతా కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నేనూ మఠానికి వచ్చిన కొత్తలో రెండుసార్లు ఏడ్చాను ఆ పుస్తకానికి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

విరూపాక్షి ఆ డాక్టరును చదివీ చదివీ తానే ఆ డాక్టరైపోయాడు.

మొదట సుంకమ్మను వరసలో కూర్చోవద్దన్నాడు. తర్వాత అందరూ వెళ్ళాక రమ్మన్నాడు, నెమ్మదిగా చూడాలని. వారానికి ఒకసారి రావాల్సిన మనిషిని రోజు మార్చి రోజు రమ్మన్నాడు. ఒకసారి తాటిబెల్లం పొట్లం చేతిలో పెట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు చూశారు. చూసి ఏమన్నారో తెలుసా? అదృష్టవంతురాలు, మొగుడు పోయినా దేవుడు మళ్ళీ దారి చూపించాడన్నారు! ఒక్కరంటే ఒక్కరు కూడా ఆమె ముఖం వంక చూడలేదు.

ఒక రోజు నేను కట్టెల పాకలో ఉంటే సుంకమ్మ వెనక నుంచి వచ్చి నిలబడింది.

"నీలక్కా, నా నాడి ఇంకొకరు చూడగూడదా?"

"ఏమైందే?"

"ఏం కాలేదులేక్కా. అట్లే అడిగినా."

"ఏం కాకపోతే ఇంత దూరం వచ్చి అడగవు. చెప్పు."

చాలాసేపు కట్టె పేడు గీరుతూ నిలబడింది. తర్వాత ఒక్కసారిగా చెప్పేసింది.

"చెయ్యి పట్టుకుంటే వదలడక్కా. కండ్లు మూసుకుని కూర్చుంటాడు. నీ జబ్బు నాకొక్కనికే తెలుసు, ఇంకొకరి చెయ్యి పడితే తిరగబెడుతుందంటాడు. నాకు లోపల కుతకుత ఉడికిపోతుంది. చెయ్యి పెరుక్కుని చెంప మీద ఒకటి ఇయ్యాలనిపిస్తుంది."

"మరి ఇయ్యలేదేమే?"

"నవ్వుతా కూర్చుంటానక్కా."

"ఎందుకు నవ్వుతావే నీ మొహం మండ!"

"నవ్వకుంటే మందు ఎవరిస్తారు?"

తిట్టింది నేను, సిగ్గుతో చచ్చిందీ నేనే. కట్టెలు అక్కడే పారేసి నేరుగా అయ్యవారి దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. వాణ్ణి ఇప్పుడే మఠం నుంచి గెంటేయమన్నాను.

అయ్యవారు చేతిలో కత్తి కింద పెట్టారు.

"వానితో ఒక్క మాట అనొద్దు" అన్నారు.

"ఎందుకనకూడదు?"

"నువ్వు అంటే ఆమే చెప్పిందని వానికి తెలుస్తుంది. ఊరంతా వాణ్ణి నమ్ముతుంది. ఆమెను నమ్మేది ఎవరు? నువ్వూ నేనూ." లోపలికి వెళ్ళి లేహ్యం జాడీ తీసుకొచ్చారు. "పదిహేను దినాలకి సరిపడా కట్టి ఆమె ఇంట్లో ఇచ్చి రా. నాడి చూపించుకోను రావద్దని నేను చెప్పినానని చెప్పు. ఆమె రాకపోతే వాడే నా దగ్గరికి వస్తాడు."

వచ్చాడు. సరిగ్గా ఐదో రోజు వచ్చి, మీకు మొదట్లో చెప్పానే, అలా కూర్చుని పైపంచె వేలికి చుట్టుకున్నాడు. ఆ ఐదు రోజులూ నేను నోరు కుట్టుకుని ఎలా ఉన్నానో ఆ శివుడికే తెలుసు.

"అడగాల్సిన పనేముంది" అన్నాక కూడా అయ్యవారు కోప్పడలేదు. తిప్పతీగ ముక్కలు చేటలోకి తోసి మెల్లగా అడిగారు.

"నువ్వు చదువుతావే ఆ పుస్తకం. అందులో డాక్టరు ఆ పిల్లను యాడ అడుగుతాడు?"

విరూపాక్షి ముఖం వెలిగింది. తన పుస్తకం మాట వచ్చింది కదా. "అడగడయ్యవారూ! అదే అందులో గొప్ప. ఆ పిల్ల తల వంచుకుంటుంది, ఆయన అర్థం చేసుకుంటాడు. అంతే, మాటలే ఉండవు."

"ఆ పిల్ల వద్దంటే?"

"వద్దని ఎందుకంటాదయ్యవారూ? చావబోతుంటే బతికించినాడు."

"అందుకే అడుగుతాండా. వద్దంటే తెల్లారి ఆమెకు మందు ఎవరిస్తారని రాసి ఉంది?"

విరూపాక్షి నవ్వాడు. పెద్దాయనకి నవలల సంగతి తెలియదన్నట్టు జాలిగా నవ్వాడు. "అట్లాంటివి నవలల్లో రాయరయ్యవారూ." తర్వాత కాస్త ముందుకు జరిగి, "మొగుడు పోయిన మనిషి. మిల్లులో దుమ్ము మింగే మనిషి. ఎవరు చేసుకుంటారు ఆమెను? నేను ముందుకొస్తే ఊరు మెచ్చుకోదా?" అన్నాడు.

నా చేతిలో రోకలిబండ ఉండాల్సింది, కల్వం గుండు ఉంది. విసరలేదు. అది నా గొప్ప కాదు, అయ్యవారు నా వైపు ఒక చూపు చూశారు.

"రేపు సోమవారం. రేపు చెప్తాలే" అని లేచి వెళ్ళిపోయారు.

సోమవారం అంటే మా దగ్గర తిరనాళ్ళే. ఆ రోజు నలభై మందికి తక్కువ లేరు. విరూపాక్షి మూడు రోజులు కష్టపడి తిప్పిన లేహ్యం ఇత్తడి గుండిగలో సావిట్లో పెట్టి ఉంది. పున్నమి ముందు చివరి పరీక్షగా చేసిన లేహ్యం అది. నేనూ చూశాను. తీగ పాకం, నల్లగా నిగనిగలాడుతోంది, వాసన వీధి దాకా వస్తోంది.

అయ్యవారు వచ్చి గరిటెతో కాస్త తీసి గాజు గ్లాసులో నీళ్ళలో వేశారు. బాగా కుదిరిన లేహ్యం నీళ్ళలో చెదరకుండా అడుక్కి దిగుతుంది. అది గోలీలాగా దిగి కూర్చుంది. ముందు వరసలో వాళ్ళందరూ చూశారు.

"మాడిపోయింది" అన్నారు అయ్యవారు.

నేను గ్లాసు వంక చూశాను, ఆయన వంక చూశాను. విరూపాక్షి సరిగా వినలేదనుకున్నట్టు ముందుకు వంగాడు.

"మాడిపోయింది. ఆరేండ్లు మఠం కూడు తిని లేహ్యం తిప్పను చేతకాలేదు. వీనికి పెట్టె ఇయ్యాలంట! ఏమిరా, చెప్పుకోను ఏమన్నా ఉందా?"

ఎవరో దగ్గు ఆపుకున్నారు. విరూపాక్షి చెవులు ఎర్రబడ్డాయి. అతని చేతి పని అది. ఆరేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు, ఆ సంగతి అతనికి తెలుసు. చివరికి ముఖానికి ఒక నవ్వు పులుముకుని చేతులు జోడించాడు.

"మీరు చెప్పినాక ఇంకేముందయ్యవారూ. తప్పైపోయింది. మళ్ళీ తిప్పుతా."

"ఇంకేమీ చెప్పుకునేది లేదా?"

"లేదయ్యవారూ. మీ దయ."

"లోపలికి రా. నీలమ్మా, నువ్వు కూడా రా."

లోపలి గదిలో తలుపు దగ్గరగా వేశాను. అయ్యవారు చాప మీద కూర్చుని, నాడి చూసేటప్పుడు చెయ్యి ఆనించే చిన్న చెక్క దిండు ముందుకు జరిపారు.

"చెయ్యి ఇట్లియ్యి."

విరూపాక్షి కుడి చెయ్యి దాని మీద పెట్టాడు. అయ్యవారు మూడు వేళ్ళు ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. మామూలుగా అయితే కాసేపటికి వదిలేస్తారు. ఆ రోజు వదల్లేదు. నేను నిలబడి నిలబడి కాలు మార్చుకున్నాను. విరూపాక్షి మణికట్టు దగ్గర నరం టపటపా ఎగరడం నాకు దూరం నుంచే కనబడుతోంది. ఆ పులుముకున్న నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉంది. తీసేయడం అతనికి చేతకాలేదు.

అయ్యవారు కళ్ళు తెరిచారు.

"నవ్వుతాండావు. నాడేమో పరిగెత్తుతాంది. నా మీద ఇంత ప్రేమ పెట్టుకుని ఆరేండ్లుగా ఒక్క మాటైనా చెప్పలేదే విరూపాక్షీ!"

నాకు నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ వెంటనే విరూపాక్షి ముఖం చూసి నవ్వు పోయింది.

అతని నవ్వు కూడా పోయింది. "మీరు అబద్ధం చెప్పినారు" అన్నాడు. ఆరేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పింది అదే మొదటిసారి. "లేహ్యం మాడలేదు. మీకు తెలుసు. నలభై మంది ముందు నా తల తీసేసినారు."

"మాడలేదు. నేను కూడా అంత బాగా తిప్పలేను. ఈ మాట ఆ నలభై మంది ముందు అనలేదేం?"

"ఎట్లంటానయ్యవారూ? పెట్టె మీ చేతిలో ఉండె!"

అన్నాక ఆగిపోయాడు. అతని కళ్ళు తన చేతి మీద పడ్డాయి. అయ్యవారి వేళ్ళు ఇంకా నాడి మీదే ఉన్నాయి.

"ఇంతసేపు పట్టుకున్నా కదా. చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. ఎవరు వద్దన్నారు?"

విరూపాక్షి చెయ్యి తీసుకోలేదు. తీసుకోలేకపోయాడు.

"మొదటి ఏటి పాఠం చెప్పు. నాడి ఎప్పుడెప్పుడు పరిగెత్తుతుంది?"

"మనిషికి... కోరిక పుట్టినప్పుడు."

"ఇంకా?"

"కోపం వచ్చినప్పుడు."

అయ్యవారు చెయ్యి వదిలేశారు.

విరూపాక్షి ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలలు ఒక మనిషి ఒళ్ళు మండిపోయి ఎదురుగా కూర్చుంటే, కళ్ళు మూసుకుని దాన్ని ప్రేమనుకున్నాడు. అది ఒక్కొక్క రోజుగా అతనికి గుర్తొస్తున్నట్టుంది. తల కిందికి, ఇంకా కిందికి పోయింది. అప్పుడు జాలి పడాల్సిందేమో. నాకు జాలి కలగలేదు. నాకు సుంకమ్మ కట్టె పేడు గీరుతూ నిలబడటమే కనబడుతోంది.

"నీలమ్మా" అన్నారు అయ్యవారు, "సుంకమ్మను ఈరోజు నుంచి నువ్వు చూడు."

"నాకు ఐదేళ్ళు నిండలేదయ్యవారూ. నాడి ముట్టకూడదు కదా."

"కట్టడి పెట్టింది మేమే కదమ్మా. ముట్టు. నువ్వైనా ఆమెను అడిగి ముట్టు."

ఆయన లేచి సావిట్లోకి నడిచారు. మేమిద్దరం వెనకే. నలభై మందీ మెడలు చాచి చూస్తున్నారు. అయ్యవారు గుండిగ పక్కన నిలబడి, ఊరికే గొంతు సవరించుకోకుండా చెప్పేశారు.

"ఈ లేహ్యం మాడలేదు. నేనే అబద్ధం చెప్పినా. వీని చేతి పని బాగుంది. అందరూ తీసుకోండి." ఒక్క క్షణం ఆగారు. "పెట్టె మాత్రం ఈ పున్నమికి లేదు."

జనం గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దాయనకి మతి చలించిందన్నారెవరో. లేహ్యం బాగుంటే పెట్టె ఎందుకు ఇవ్వరని ఇంకొకరు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. సుంకమ్మ పేరు ఆ సావిట్లో ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆ ఒక్క పనికి నేను ఆయనకి ఇప్పటికీ దండం పెడతాను.

నేను గరిటె తీసుకుని లేహ్యం పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. అంతలో విరూపాక్షి గబగబా గడప దగ్గరికి పోయి చెప్పుల్లో కాళ్ళు పెట్టడం చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"యాడికి?" అన్నారు అయ్యవారు, అతని దగ్గరికి వెళ్ళి.

"ఆమె ఇంటికి" అన్నాడు, ఇద్దరికి మాత్రమే వినబడేట్టు. మూడోదాన్ని నేను, చెవులు అక్కడే వేసుకుని ఉన్నాను. "కాళ్ళ మీద పడతానయ్యవారూ. క్షమించమని అడుగుతా."

"పోతే ఏమంటుంది?"

"తిట్టనీ. కొట్టనీ. పడతా."

"తిడుతుందా?"

విరూపాక్షి గడప అవతల వీధి వంక చూశాడు. ఆ వీధి చివరే సుంకమ్మ ఇల్లు.

"తిట్టదు" అన్నాడు నెమ్మదిగా. "క్షమించినాననే అంటాది."

"అనక ఏం చేస్తుంది పాపం! లేహ్యం తిప్పేది నువ్వేనని ఆమెకు తెలీదా?"

"మరి నేనేం చెయ్యాలయ్యవారూ? ఆమె ఒక్క మాట అంటే గాని నాకు అన్నం సయించదు, నిద్ర పట్టదు" అంటూ అతను ఏడ్చేశాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో అబద్ధమేమీ లేదు.

అయ్యవారికి కోపం రావడం నేను అప్పటిదాకా చూడలేదు. ఇందాక సావిట్లో అరిచింది ఉత్తుత్తి కోపమని అప్పుడు తెలిసింది. ఇది అరుపు కాదు. గొంతు ఇంకా తగ్గింది.

"నీకు అన్నం సయించాలన్నా ఆమే కావాల్నా?"

విరూపాక్షి ఏడుపు ఆగిపోయింది. తర్వాత వంగి చెప్పులు విడిచాడు.